నా పేరుతో అమ్మిన అడవి ద్రాక్ష

1996 జూన్‌లో నన్ను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ప్రభుత్వ నర్సరీకి ఆఫీసరుగా వేశారు. నేను పనిచేసిన శాఖ పేరు ఇక్కడ రాయను. నా పై అధికారి పేరు కూడా రాయను. ఆయన పిల్లలు ఇప్పటికీ విజయవాడలోనే ఉన్నారు, వాళ్లు నాకు ఏ అపకారమూ చేయలేదు. ఆయన హోదా అసిస్టెంట్ డైరెక్టర్. ఆఫీసులో అందరం ఏ.డి. గారు అనేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను. పేరు దాచాను గనక కోపం కూడా తగ్గిపోయిందని ఎవరూ అనుకోవద్దు.

నర్సరీ ఆఫీసరు పని బయటివాళ్లకి చాలా తేలికగా కనిపిస్తుంది. మొక్కలకి నీళ్లు పోయించి అమ్మించడమే కదా అంటారు. నిజానికి అది నమ్మకం అమ్మే పని. రైతు చేతిలో పెట్టే అంటు మామిడి మూరెడు ఉంటుంది. అది ఏ రకమో, కాస్తుందో కాయదో కొన్నేళ్లు గడిస్తే గాని తెలీదు. అప్పటిదాకా రైతుకున్న ఆధారం ఇచ్చినవాళ్ల మాట ఒక్కటే. అందుకే ఏ తల్లి చెట్టు నుంచి పుల్ల కోశాం, ఏ వేరు మొక్క మీద కట్టాం అన్నది మాకు ప్రాణంతో సమానం. వేరు మొక్క అంటే అంటుకి కింది భాగం. నేల, నీరు, చీడ అన్నీ ఓర్చుకోవలసింది అదే. పైన కట్టే పుల్ల పండు రకాన్ని నిర్ణయిస్తుంది. రెండింటికీ పొత్తు కుదిరితేనే చెట్టు.

మా నర్సరీ వెనక కంచె దాటితే కొండపల్లి కొండల అంచు. ఎర్రమట్టి, గులకరాళ్లు, ఎండాకాలంలో మోడుబారిన చెట్లు. ఒకపక్క థర్మల్ స్టేషన్ గొట్టాల పొగ కనిపిస్తూ ఉండేది. నేను చేరిన కొద్ది రోజులకే వానలు మొదలయ్యాయి. జులైలో ఒకరోజు వెనక కంచె వైపు వెళితే, అంతకుముందు వారం ఏమీ లేని ముళ్లకంచె మీద ఒక తీగ మనిషెత్తు పాకి ఉంది. అరచేయి కన్నా పెద్ద ఆకులు, అంచు పొడుగునా పళ్లు, కొంచెం చీలి, అచ్చం ద్రాక్ష ఆకుల్లాగా. నులితీగలు కంచెని చుట్టేసుకుని ఉన్నాయి. ఆకుల మధ్య ముదురు ఎరుపు రంగులో ఆవగింజలంత పూల గుత్తులు. ఆగస్టు చివరికి ఆ గుత్తులు ఆకుపచ్చ కాయలయ్యాయి. ఆ తరువాత నల్లబడ్డాయి.

ఏ.డి. గారు తనిఖీకి వచ్చింది సరిగ్గా అప్పుడే. కాయల గుత్తి చేతిలోకి తీసుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఆయన మహారాష్ట్రలో ద్రాక్ష తోటల మీద శిక్షణకి వెళ్లొచ్చిన మనిషి. అక్కడ ఉప్పు నేలల్ని తట్టుకునే అడవి జాతి వేరు మొక్క మీద మంచి ద్రాక్ష కట్టి పండించడం చూసి వచ్చారు. మన డెల్టాలో ద్రాక్ష పండదు. నల్లరేగడి, నీటి ఊట, కోత వేళకి వానలు, గాలిలో తేమ, తెగుళ్లు. పండించి చూపించాలని ఆయనకి కోరిక. కోరిక తప్పేమీ కాదు. "మేడం, ఇది మన దేశవాళీ ద్రాక్ష. దీన్ని గుర్తించి పెంచండి. డెల్టాకి మనం ద్రాక్ష తెచ్చామంటే మాటలా?" అన్నారు. అలాగే సార్ అన్నాను. ఆ ఉత్సాహం నాకూ పట్టింది.

మొక్కని గుర్తించడమంటే ఆకు చూసి పేరు చెప్పడం కాదు. ద్రాక్ష కుటుంబంలో తీగలన్నీ ఆకుల్లో అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మన ఇళ్లలో పచ్చడి చేసుకునే నల్లేరు కూడా ఆ కుటుంబానిదే, దాన్ని చూసి ద్రాక్ష అని ఎవరూ అనరు. తేడా పూవులో తెలుస్తుంది. పూల గుత్తినీ, ముదురు ఆకునీ, నులితీగనీ, కణుపునీ తడి ఆరకముందే కోసి, కొన్నింటిని పాత పేపర్ల మధ్య పెట్టి అదిమాను. కొన్నింటిని సీసాలో వేసుకుని విజయవాడలో ఒక కాలేజీలో బోటనీ చెబుతున్న విమల దగ్గరికి వెళ్లాను. బాపట్లలో అగ్రికల్చర్ చదివే రోజుల నుంచి నాకు స్నేహితురాలు. ఆమె చదువు వేరు, హాస్టలు గది ఒకటి. మొక్క పేరు విషయంలో తొందరపడే మనిషి కాదు.

మధ్యాహ్నం క్లాసులు అయ్యాక ల్యాబులో కూర్చున్నాం. విమల సూదితో ఒక మొగ్గని విప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను చూడమంది.

"రేకులు ఎట్టా విచ్చుకున్నాయో చూశావా సుభాషిణీ? దేనికది విడివిడిగా, ఐదు. నిజం ద్రాక్షకైతే రేకులన్నీ కొసల్లో అతుక్కుని టోపీలాగా ఊడిపోతాయి. ఇది నీ ద్రాక్ష కాదే."

"మరి నల్లేరు జాతా?"

"వాటికి నాలుగే రేకులుంటాయి. పైగా నులితీగ చూడు, పూగుత్తి కాడ మీదే పుట్టింది. ఇది ఆంపిలోసిస్సస్. లాటిఫోలియా అనుకుంటున్నా. ఒక్కరోజు ఆగు, పోల్చి చూసి చెబుతా."

మర్నాడు చెప్పింది, అదే. తెలుగులో అడవి ద్రాక్ష అంటారు. పేరులో ద్రాక్ష ఉంది, పండ్ల గుత్తి ద్రాక్షలాగే ఉంటుంది, కానీ తోటల్లో పండించే ద్రాక్షకి దూరపు చుట్టం. ఆ కాయ నోట్లో వేసుకుంటే మొదట పులుపు, కాస్త తీపి, ఆ వెంటనే నాలుక, గొంతు ఒకటే దురద. పచ్చి కందని పొరపాటున కొరికినట్టు ఉంటుంది. నేను కొరికి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఇదంతా ఏ.డి. గారికి ఆయన ఆఫీసులోనే చెప్పాను. ఆయన విన్నారు. విని, "కుటుంబం ఒకటే కదా?" అని అడిగారు.

"కుటుంబం ఒకటే సార్, జాతి వేరు. దీని మీద ద్రాక్ష అంటు నిలుస్తుందని నేను అనుకోవడం లేదు."

"అనుకోవడం కాదమ్మా. కట్టి చూడండి."

ఆ మాట న్యాయమైనదే. కట్టి చూశాను.

రెండు వానాకాలాలు దాంతోనే గడిచాయి. ఈ తీగ కొమ్మ ముక్కలు నాటితే వేళ్లు పట్టవు. లోపల బెండు ఎక్కువ, తడి ఎక్కువైతే కుళ్లిపోతుంది, తక్కువైతే ఎండిపోతుంది. గింజలు నాటితే మొదటి వానాకాలమంతా భూమిలో నిద్రపోయాయి. మరుసటి ఏడాది కొన్ని మొలిచాయి. అసలు రహస్యం దుంపలో ఉంది. తీగ కింద కందిరంగు దుంపలుంటాయి. మొక్క ప్రాణమంతా వాటిలోనే. దుంపని మొలకతో సహా కోసి, కోసిన చోట బూడిద అద్ది, ఆరనిచ్చి, రాళ్లు కలిసిన ఎర్రమట్టిలో మెరకగా నాటితే తిరుగులేదు. తొలకరికి పొగరుగా లేచి వచ్చేది. పండగలు వెళ్లేసరికి ఆకు రాల్చి తీగతో సహా ఎండిపోయేది. మొదటి ఏడు అలా ఎండినప్పుడు ఏ.డి. గారు చూసి, మొక్కలన్నీ చంపేశారని పనివాళ్ల ఎదుటే నా మీద కేకలేశారు. నేను ఒక కుండీ బోర్లించి, మట్టి దులిపి, గట్టిగా, నిండుగా ఉన్న దుంపని ఆయనకి చూపించాను. ఇది చావలేదు సార్, ఏటా ఇంతే, సగం ఏడాది నేల కింద ఉంటుంది అన్నాను. ఏటా ఎండే తీగ మీద ఏళ్ల తరబడి బతికే ద్రాక్ష కొమ్మ ఎట్టా నిలుస్తుందో ఆ ఒక్క దుంప చూస్తేనే అర్థం కావాలి. ఆయన ఎం.ఎస్‌సి. అగ్రికల్చర్.

అయినా అంటు కట్టాను. చీలిక అంటు, మొగ్గ అంటు, ఆనించి కట్టే అంటు, ఏదీ వదలలేదు. ఇక్కడ ఒక సంగతి రైతులందరికీ తెలియాలి. ద్రాక్ష పుల్లలో దాని సొంత నిల్వ ఉంటుంది. ఏ మొక్క మీద కట్టినా, ఆ నిల్వతో అది ముందు చిగురేస్తుంది. నాలుగు ఆకులు లేత పచ్చగా విచ్చుకుంటాయి. చూసినవాళ్లు అంటు అతికిందనుకుంటారు. అతకలేదు. నిల్వ అయిపోగానే చిగురు వాడి, ఎండి రాలిపోతుంది. నేను కట్టినవన్నీ అట్లాగే పోయాయి. కట్టు విప్పి చూస్తే రెండు చెక్కల మధ్య గోధుమరంగు గీత, గోటితో తాకితే విడిపోయేది. ఇక డెల్టా నేల సంగతి. పామర్రు వైపు నుంచి నల్లమట్టి తెప్పించి, తొట్టెలో పోసి, దుంప నాటి, వరిచేలో నిలిచినట్టు నీళ్లు నిలబెట్టాను. దుంప కుళ్లి కంపు కొట్టింది.

1998 మొదట్లో ఈ ఫలితాలన్నీ ఏ.డి. గారికి వివరంగా చెప్పాను. చచ్చిన అంటుల్ని బల్ల మీద పరిచి మరీ చూపించాను. ఆయన వాటిని చాలాసేపు చూసి, సరే, దీన్ని ఇక్కడితో ఆపండి అన్నారు. నేను ఆపాను. వేసవిలో ఆయన ఆఫీసు నుంచి జీపు వచ్చింది. దుంపలన్నీ వేరే కేంద్రంలో నాటిస్తారట, ఇచ్చేయమని ఆర్డరు. విజయవాడ శివార్లలో ప్రైవేటు నర్సరీ నడిపే ఒకాయన ఆ జీపులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. దారిలో ఎక్కాడేమో అనుకున్నాను.

ఆ సెప్టెంబరులో ఒక పొద్దున్న ఒకావిడ నర్సరీ గేటు దగ్గర నిలబడి, ఈ నర్సరీ మేడం ఎవరని అడుగుతోంది. నలభై దాటిన మనిషి. బస్సులు మారి వచ్చిన అలసట ముఖం మీద తెలుస్తోంది. చేతిలో ఎరువుల సంచి. నేనేనని చెప్పగానే సంచిలోంచి ఒక ఎండిన మొక్క తీసి నా కాళ్ల దగ్గర పడేసింది.

"ఇదేనా అండీ మీరు కనిపెట్టిన ద్రాక్ష?"

నాకు ఏమీ అర్థం కాలేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మాది పామర్రు అవతల అండి. నా పేరు నాగరత్నం. ఎండాకాలంలో మా ఊళ్లోకి మైకు పెట్టుకుని ఆటో వచ్చింది. ఇబ్రహీంపట్నం నర్సరీలో సుభాషిణి మేడం గారు రెండేళ్లు పెంచి చూసిన దేశవాళీ ద్రాక్ష, చవిటి నేలైనా పండుద్ది, నీళ్లు నిలిచినా పండుద్ది అని ఊరంతా చెప్పారు. తర్వాత మీ పెద్దాఫీసరు గారే వచ్చి మీటింగు పెట్టారండి. ఆడమనిషి ఓపిగ్గా పెంచింది, అబద్ధం ఎందుకవుద్ది అన్నారు. మా ఆయన నమ్మాడు. నేనూ నమ్మాను. మెరక మీద జామతోట ఉంది మాకు, మా మామగారు వేసింది. కొట్టేయించాం."

"జామతోట కొట్టేశారా?"

"కొట్టేయకపోతే పందిరి ఎక్కడెయ్యమంటారు? రాతి స్తంభాలు కూడా పాతించాడు మా ఆయన. మొక్కలు తెచ్చిన రోజు చిగుళ్లు పచ్చగా ఉన్నాయి, చూసి మురిసిపోయాం. ఇప్పుడు చూడండి. అడిగితే మొక్కలమ్మిన నర్సరీ ఆయనేమో మేడం గారిదే పూచీ, ఆవిణ్ణే అడగండి అన్నాడు. అందుకే వచ్చా. చెప్పండి, మీ పేరు చెప్పి అమ్మారు గదా, మీరు చెప్పండి."

ఆ మొక్క తీసుకుని కట్టు విప్పాను. అదే గోధుమరంగు గీత, అదే చెక్క, అదే దుంప. నా కంచె మీద పుట్టింది, నా చేత్తో జీపులో ఎక్కించింది. ఇరవై ఏళ్ల తరువాత కూడా ఆ నిమిషాన్ని తలుచుకుంటే నా పళ్లు బిగుసుకుంటాయి. ఆడమనిషి ఓపిగ్గా పెంచిందట. నేను ఓపిగ్గా చేసిన పనంతా ఇది పనికిరాదని తేల్చడానికి చేశాను. దాన్ని తీసుకెళ్లి పనికొస్తుందని చెప్పడానికి నా పేరు వాడుకున్నారు.

నాగరత్నంతో ఒక్కటే చెప్పాను. "నేను ఆ మాట చెప్పలేదమ్మా. ఇది పనికిరాదని ఆయనకి చూపించి మరీ చెప్పాను. పదండి, మీ ఊరు వెళదాం. అక్కడ అందరి ముందూ చెబుతాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నమ్మలేదు. కానీ నాతో బస్సెక్కింది. ఇబ్రహీంపట్నం నుంచి విజయవాడ, అక్కడి నుంచి పామర్రు బస్సు. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. ఉయ్యూరు దాటాక మాత్రం, మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది.

వాళ్ల మెరక వరిచేల మధ్య దీవిలా ఉంది. కొట్టేసిన జామ మొదళ్ల నుంచి కొత్త చిగుళ్లు లేస్తున్నాయి. వాటి మధ్య తెల్లటి రాతి స్తంభాలు, వాటికి బిగించిన తీగలు. ఆ తీగల మీద పాకాల్సిన మొక్కలన్నీ పుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఆవిడ భర్త వెంకటేశ్వర్లు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేచి నమస్కారం పెట్టాడు, ఏమీ అడగలేదు. ఆ నమస్కారం నాకు తిట్టులాగా తగిలింది. పలుగు అడిగి తీసుకుని ఒక మొక్క తవ్వాను. దుంప మెత్తగా చేతిలోనే విడిపోయింది, కుళ్లు వాసన గుప్పుమంది.

అప్పటికి ఊళ్లోవాళ్లు చేరారు. వాళ్లలో కొందరు ఆ మొక్కలు కొంటామని మాటిచ్చి ఉన్నారు, వానలు తగ్గాక తోటలు కొట్టించి పందిళ్లు వేయాలని చూస్తున్నారు. నేను గట్టెక్కి నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఇది ద్రాక్ష కాదని, దీని మీద ద్రాక్ష అతకదని, కొండవాలులో గులకనేలలో బతికే తీగ అని, ఏటా ఎండుతుందని, చిగురు చూసి మోసపోవద్దని. నా పేరు సుభాషిణి అని, ఆ మైకులో వినిపించిన పేరు నాదేనని, ఆ మాట మాత్రం నాది కాదని చెప్పాను. ఒక పెద్దాయన అడిగాడు, "మరి మీ పెద్దాఫీసరు చెప్పింది అబద్ధమంటారా అండీ?" ప్రభుత్వోద్యోగి బహిరంగంగా అనకూడని మాటలు కొన్ని ఉంటాయి. "అబద్ధమేనండీ" అన్నాను.

రెండు రోజుల్లో ఆ మాట విజయవాడ చేరింది. ఏ.డి. గారు పిలిపించారు. తలుపు వేయించి, కూర్చోమనకుండానే మాట్లాడారు.

"ఎవర్నడిగి ఊళ్లోకి వెళ్లారు?"

"నా పేరు ఎవర్నడిగి ఊళ్లో చెప్పారు సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. తరువాత గొంతు తగ్గించి, పెద్దరికంగా, అమ్మా అని మొదలుపెట్టారు. అక్కడక్కడా నీళ్లు ఎక్కువ పెట్టడం వల్ల, పొటాష్ వేయకపోవడం వల్ల మొక్కలు పోయాయని నేను నివేదిక రాయాలట. మా భాషలో దాన్ని యాజమాన్య లోపం అంటారు. అంటే తప్పు రైతుది. అది రాస్తే నర్సరీ ఆయన మళ్లీ మొక్కలిస్తాడట, అందరికీ మర్యాద మిగులుతుందట.

"ఫలితాలు మీకు ముందే చూపించాను కదా సార్. ఈ బల్ల మీదే."

"చూపించారు. ఎండిపోయినవి మీ చేతకానితనం అనుకున్నాను."

ఆ మాటతో నాలో మిగిలిన జంకు కూడా పోయింది. యాజమాన్య లోపమని నేను రాయనన్నాను. వాళ్లు తోట కొట్టుకున్నది మీరు చెబితే సార్, నీళ్లు ఎక్కువ పెట్టడం వల్ల కాదు అన్నాను. ఆయన ఉద్యోగం సంగతి ఎత్తారు, బదిలీ సంగతి ఎత్తారు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు కదా అన్నారు. ఉన్నారన్నాను. బయటికి వచ్చాక బస్టాండు దాకా నడిచాను. రిక్షా ఎక్కితే కూర్చోగలిగేదాన్ని కాదు.

నాగరత్నం, మరికొందరు రైతులు కలిసి పైకి ఫిర్యాదు పెట్టారు. డిప్యూటీ డైరెక్టర్, అంటే మా ఏ.డి. గారికి పైవాడు, అక్టోబరులో విచారణకి వచ్చారు. ఆఫీసులో కాక పొలంలోనే విచారణ జరగాలని రైతులు పట్టుబట్టారు. వెంకటేశ్వర్లు మెరక మీద గుడ్డ కుర్చీలు వేశారు. ఏ.డి. గారు తెల్లటి చొక్కాలో వచ్చి, నవ్వుతూ అందరినీ పలకరించారు. నర్సరీ ఆయన రాలేదు, ఒంట్లో బాగోలేదని కబురు పంపాడు.

నేను నా పరికరాలు తెచ్చుకున్నాను. అంటు కత్తి, ఒక బుట్ట. చచ్చిన మొక్కని డి.డి. గారి ఎదుటే తవ్వి, అంటు కట్టిన చోట నిలువునా చీల్చి, రెండు చెక్కలూ ఆయన అరచేతిలో పెట్టాను. అవి విడిపోయి పడ్డాయి. తరువాత వెంట తెచ్చిన నిజం ద్రాక్ష అంటు ఒకటి, అతికినది, చీల్చి చూపించాను. చెక్కలు ఒకటైపోయి గీత కూడా కనిపించలేదు. వెనక నిలబడ్డ రైతులకి కూడా చూపించమని నాగరత్నం అడిగింది. అందరి చేతుల్లోకీ తిరిగాయి. ఏ.డి. గారు దగ్గి, అంటు మాట అటుంచితే ఈ తీగ సొంత పండు తినదగ్గదేనని, అడవి జాతుల పండ్లలో పోషకాలు ఎక్కువని చెప్పడం మొదలుపెట్టారు. ఆటో మైకులో ఆ మాట కూడా చెప్పించారని అక్కడి వాళ్లన్నారు.

కొండ అంచున కోసిన, నల్లగా మాగిన గుత్తులు బుట్టలో తెచ్చి ఉన్నాను. ఒక గుత్తి తీసి ఆయన ముందు పెట్టాను.

"తినండి సార్."

ఆయన నన్ను చూశారు, డి.డి. గారిని చూశారు. తనకి షుగర్ ఉందన్నారు. అప్పుడు వెంకటేశ్వర్లు, అంతవరకు ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, ముందుకు వచ్చాడు. "అయితే నేను తింటానండి. తోట పోగొట్టుకున్నవాణ్ణి, రుచన్నా చూడాలిగా" అని గుప్పెడు కాయలు నోట్లో వేసుకున్నాడు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. రెండు నిమిషాల్లో కళ్లవెంట నీళ్లు కారాయి. గట్టు దిగి ఉమ్మి, కాలవలో నోరు కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. నాగరత్నం పరుగున వెళ్లి మజ్జిగ తెచ్చింది. అతను తుండుతో మూతి తుడుచుకుని తిరిగొచ్చి, బొంగురు గొంతుతో ఏ.డి. గారిని అడిగాడు. "ఇది తెలిసే చెప్పారా, తెలీక చెప్పారా? అదొక్కటి చెప్పండి, చాలు."

ఏ.డి. గారు డి.డి. గారి వైపు తిరిగారు. నేను చెప్పాను. "తెలిసే చెప్పారు. నేనే చూపించాను."

డి.డి. గారు ఆ రోజు పొలంలో తల పంకించి, ఇది ఘోరం అన్నారు. హైదరాబాదు వెళ్లాక ఆయన అభిప్రాయం మెత్తబడింది. సాంకేతిక అంశంలో అధికారుల మధ్య భిన్నాభిప్రాయం ఉందనీ, ఇకమీదట సమన్వయం పెంచుకోవాలనీ తేల్చారు. రైతుల ముందు పై అధికారిని కించపరిచినందుకు నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో జరిగింది జరిగినట్టు రాశాను, క్షమాపణ మాట రాయలేదు. నూతన సంవత్సరం రాకముందే నన్ను రాయలసీమకి బదిలీ చేశారు. ప్రైవేటు నర్సరీ ఆయన బోర్డు దించేసి, ఏలూరు రోడ్డులో మరో పేరుతో బోర్డు పెట్టాడు. ఏ.డి. గారికి ప్రమోషన్ వచ్చింది.

జరిగిన మేలు కూడా చెప్పాలి. ఆ ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరూ తోట కొట్టుకోలేదు. నాగరత్నం వాళ్లకి నర్సరీ నుంచి మంచి జామ అంటులు పంపించాను. పాత మొదళ్ల చిగుళ్లలో గట్టివి ఉంచి మిగతావి తీసేయమని వెంకటేశ్వర్లుకి చెప్పాను. అయినా నాలుగేళ్లు ఆ మెరక మీద వాళ్లకి పంట లేదు. ఆ నాలుగేళ్లూ అతను ఊళ్లో వాళ్ల పొలాల్లో కూలికి వెళ్లాడని తరువాత తెలిసింది. ఆ నాలుగేళ్లకి ఎవరూ సంజాయిషీ రాయలేదు, ఎవరికీ మెమో రాలేదు. తీగ మీద నాకు కోపం లేదు. అది తనకి తగ్గ నేలలో తన బతుకు తాను బతుకుతోంది. వెళ్లేముందు కొండ అంచున ఒక దుంప తవ్వి విమలకి ఇచ్చాను. కాలేజీ వెనక గులకనేలలో నాటింది. పిల్లలకి ద్రాక్ష కుటుంబం పాఠం చెప్పేటప్పుడు దాని పూలు కోసి రేకులు లెక్కపెట్టిస్తుంది.

2004లో ఏ.డి. గారు, అప్పటికి ఇంకా పెద్ద హోదాలో ఉన్న ఆయన, పదవీ విరమణ చేశారు. విజయవాడలో సభ పెట్టారు. నేను వేరే పని మీద ఊళ్లో ఉండి, పిలిస్తే వెళ్లాను. డెల్టాలో కొత్త పంటలకి బాట వేసిన మనిషని ఒకరు మైకులో చెప్పారు. ఆయన కింద పనిచేసిన వాళ్లంతా ఒక్కొక్కరే వేదికెక్కి దండ వేయాలన్నారు. నా పేరు పిలిచారు. నేను లేచి నిలబడి, వేయనండీ అన్నాను. మళ్లీ కూర్చున్నాను. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, ఇన్నేళ్లయింది కదా, పోనీలెండి అంది. ఆవిడ తోట ఏదీ పోలేదు.

ఆ ఉదంతం తరువాత నేను పనిచేసిన ప్రతి చోటా ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ప్రయోగం ముగిసినా, ఫలితం పైకి పంపే రోజునే చుట్టుపక్కల రైతుల్ని పిలిచి, బతికిన మొక్కల పక్కనే చచ్చిన మొక్కల్ని కూడా పరిచి, కట్టు విప్పి, ఎందుకు చచ్చాయో చెప్పేదాన్ని. అధికారులకి అది నచ్చలేదు. ఓడిపోయిన ప్రయోగాన్ని ప్రదర్శించడమేమిటని ఒకరిద్దరు అడిగారు. పనికిరాదన్న ఫలితం ఆఫీసు గది దాటకపోతే, దాన్ని తిరగేసి అమ్ముకునేవాడు ఎప్పుడూ ఉంటాడు. పొలం గట్టు మీద పదిమంది చూసిన దాన్ని ఎవరూ తిరగేయలేరు. రిటైరయ్యే రోజు వరకు అలాగే చేశాను.